ఫిరంగులు ఎటు తిరిగి ఉన్నాయి?

సెలవులకు సింగపూర్ వెళ్లొచ్చిన మా తొమ్మిదో తరగతి అబ్బాయి ఒకడు క్లాసులో అన్నాడు: "సార్, బ్రిటిష్ వాళ్లు ఫిరంగులన్నీ సముద్రం వైపే పెట్టారట. జపాన్ వాళ్లు వెనక నుంచి వచ్చారట. అవి వెనక్కి తిరగలేదట!" క్లాసంతా నవ్వింది. నాకు మాత్రం నవ్వు రాలేదు. ఎన్నో ఏళ్లుగా పిల్లలకు నేను చెప్పిందీ అదే. యూనిట్ టెస్టులో బిట్‌గా ఇచ్చి, ఆ ఆప్షన్‌కే మార్కు కూడా వేశాను.

ఈసారి కూర్చుని చదివాను. సింగపూర్ తూర్పు కొసన చాంగిలో మూడు పెద్ద ఫిరంగులుండేవి. గొట్టం లోపలి వెడల్పే 15 అంగుళాలు, ఒక్కో గుండు బరువు 8 క్వింటాళ్ల పైమాటే. 1935లో బ్రిటిష్ రాజు రజతోత్సవానికి జొహోర్ సుల్తాన్ ఇచ్చిన కానుక సొమ్ము వీటికి వాడారు కాబట్టి జొహోర్ బ్యాటరీ అన్నారు. (బ్యాటరీ అంటే ఒకచోట మోహరించిన ఫిరంగుల వరస. విశాఖ బీచ్ రోడ్డులో కోస్టల్ బ్యాటరీ అనే చోటు పేరుకు అర్థం ఏమిటని మీ పిల్లలు అడిగితే ఇదే చెప్పండి.)

1942 ఫిబ్రవరి 8 రాత్రి జపాన్ సేనలు ఉత్తరాన జొహోర్ జలసంధి దాటి వచ్చాయి. ఈ మూడింటిలో రెండు ఫిరంగులు అటు తిరిగాయి, పేల్చాయి కూడా. పడమటి వైపు బ్యూనా విస్టాలో ఉన్న మరో రెండు అటు తిరగలేకపోయాయి. అసలు చిక్కు గుండ్లతో వచ్చింది. నిల్వ ఉన్నవి దాదాపు అన్నీ యుద్ధనౌకల ఉక్కును చీల్చడానికి చేసినవి. చెల్లాచెదురుగా వస్తున్న సైనికుల మీద వేస్తే మెత్తటి నేలలోకి దిగబడి పేలేవి. పైగా ఆకాశం అప్పటికే జపాన్ విమానాల చేతిలో ఉంది. ఫిబ్రవరి 15న సింగపూర్ లొంగిపోయింది. పట్టుబడ్డ వారిలో వేలాదిమంది మన భారతీయ సైనికులే. రెండు నెలలు తిరగకుండానే, ఏప్రిల్ 6న, విశాఖ మీద, కాకినాడ మీద జపాన్ బాంబులు పడ్డాయి.

ఇంత కథ నాలుగు ఆప్షన్లలో పట్టదు. ఇక్కడ తప్పు మా వైపూ ఉంది, మీ వైపూ ఉంది. మేం బిట్లు ఇస్తాం. మీరు పేరెంట్స్ మీటింగుకు వచ్చి ఎన్ని బిట్లు కరెక్టయ్యాయని అడుగుతారు. "మావాడు పాఠంలో దేన్నైనా కాదన్నాడా?" అని నన్ను ఇంతవరకు ఒక్కరూ అడగలేదు. అడిగితే కాస్త ఇబ్బంది పడతాను గానీ, సంతోషిస్తాను.

ఆ బిట్ ఇప్పుడు తీసేశాను. దాని బదులు ఐదు మార్కుల ప్రశ్న పెట్టాను: "ఫిరంగులు తిరిగినా సింగపూర్ ఎందుకు నిలవలేదు?" దిద్దడానికి రెండు రోజులు ఎక్కువ పడుతుంది. ఈసారి మార్కులు ఆలస్యమైతే కారణం అదే.