సోదా సరే, కాగితం ఏది?

ఉగ్రవాదాన్ని అరికట్టడానికి సోదాలు అక్కరలేదని మేము ఎన్నడూ అనలేదు. 2007 మే 18న మక్కా మసీదులో బాంబు పేలినప్పుడు నేలకొరిగినవారు జుమా నమాజుకు వచ్చిన మన సోదరులే. భద్రత అందరితోపాటు మనకూ కావాలి.

అయితే ఆ తరువాత జరిగిందేమిటి? ముస్లిం యువకులను పదుల సంఖ్యలో పట్టుకుపోయారు. వారిపై మోపిన కేసులు న్యాయస్థానంలో నిలువలేదు. ప్రభుత్వం ఇచ్చిన పరిహారం కూడా చెల్లదని 2013లో హైకోర్టు తీర్పునిచ్చింది. 2018లో పేలుడు కేసు నిందితులు అయిదుగురూ నిర్దోషులుగా విడుదలయ్యారు. అటు అమాయకులకూ, ఇటు మృతుల కుటుంబాలకూ న్యాయం దక్కలేదు. గుడ్డి అనుమానం స్వేచ్ఛతోపాటు భద్రతనూ బలిగొంటుంది.

ప్రభుత్వ కార్యాలయంలో గుమాస్తాగా జీవితం గడిపిన మాకు ఒక సంగతి తెలుసు: కారణం రాయనిదే ఫైలు కదలదు. మరి కారణం రాయకుండా పేదవాని గడప దాటవచ్చునా?

చట్టమూ దాటరాదనే అంటున్నది. 2024 జూలై 1 నుండి అమలులోకి వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 185వ సెక్షన్ ప్రకారం, దర్యాప్తు అధికారి వారెంటు లేకుండా సోదా చేయదలిస్తే అందుకు కారణాలను, వెదకుతున్న వస్తువును ముందే రాసిపెట్టాలి. ఆ ప్రతిని 48 గంటలలోగా మేజిస్ట్రేటుకు పంపాలి. 103వ సెక్షన్ ఇద్దరు సాక్షులను, ఇంటివారికి జాబితా ప్రతిని కోరుతుంది. 105వ సెక్షన్ వీడియో చిత్రీకరణను తప్పనిసరి చేసింది. ఉపా చట్టం కింద జరిగే సోదాలకు సైతం, ఆ చట్టానికి విరుద్ధం కానంతవరకు, ఈ నియమాలు వర్తిస్తాయి.

కార్డన్ సెర్చ్ పేరిట బస్తీనంతటినీ చుట్టుముట్టి ఇంటింటి తలుపూ తట్టినప్పుడు ఈ రాత ఎక్కడున్నది? అటువంటి ఒక ఉదయం మేము ఒక ఇంటికి వెళ్ళాము. బియ్యం డబ్బా బోర్లపడి ఉన్నది. ఏమి వెదికారమ్మా అని అడిగితే, "చెప్పలేదు సాబ్" అన్నది ఆ తల్లి. అనుమానం ఒక మనిషిపై ఉండవచ్చు. వీధి మొత్తంపై ఉండరాదు.

సోదరులారా, సోదాకు అడ్డుపడకండి. మర్యాదగా కారణం అడగండి. ఇంట్లోనే ఉండి చూడండి. పంచనామా చదవకుండా సంతకం చేయకండి. జాబితా ప్రతిని అడిగి తీసుకొని భద్రపరచండి.

ప్రభుత్వాన్ని మేము కొత్త హక్కేదీ కోరడం లేదు. ఉన్న చట్టాన్ని మా గడప వద్ద కూడా పాటించమంటున్నాము.