ఖరీదు పెట్రోలుతో మైలేజీ పెరగదు... జేబే తరుగుతుంది

పోయిన నెలలో మార్కెట్ యార్డుకు పోతూ దారిలో ఒక పెట్రోలు బంకు దగ్గర ఆగాను. నా ముందు మోపెడ్ మీద ఒక పెద్దాయన. వెనక రెండు సంచుల బెండకాయలు. జేబులోంచి రెండు వంద నోట్లు తీశాడు. బంకు కుర్రాడు అడిగాడు: "బాబాయ్, మంచి పెట్రోలు కొట్టనా? మైలేజీ బాగొస్తది." పెద్దాయన "మంచిదంటే అదే కొట్టు నాయనా" అన్నాడు. అంతే. లీటరుకు ఏడెనిమిది రూపాయలు అదనంగా ఇచ్చి, అదే మోపెడ్ మీద, అదే మైలేజీతో వెళ్లిపోయాడు.

ఆయన్ను అనేదేముంది? నేనూ మోసపోయినవాడినే. మూడేళ్ల కిందట ఒక సెకండ్ హ్యాండ్ చిన్న కారు కొన్నాను. "పాత బండి కదా, ప్రీమియం వాడితే ఇంజను పదికాలాలు ఉంటుంది" అని ఎవరో చెబితే ఆర్నెల్లు అదే పోయించాను. తర్వాత అనుమానం వచ్చి, ట్యాంకు నిండా కొట్టించిన ప్రతిసారీ కిలోమీటర్లు డైరీలో రాసుకున్నాను. మూడు ట్యాంకులు ప్రీమియం, మూడు ట్యాంకులు సాదా. ఒకసారి అర కిలోమీటరు ఎక్కువ, ఇంకోసారి అర కిలోమీటరు తక్కువ. తీరా కారుతో వచ్చిన పుస్తకం తిరగేస్తే 91 ఆక్టేన్ చాలని అందులోనే ఉంది. చదవకపోవడం నా తప్పు. మరి తెలిసీ చెప్పకుండా అమ్మడం ఎవరి తప్పు?

ఆక్టేన్ అంటే బలం కాదు, ఓర్పు

ఆక్టేన్ నంబరు ఎక్కువుంటే పెట్రోలులో సత్తా ఎక్కువని చాలామంది అనుకుంటారు. అది నిజం కాదు. సిలిండరులో పిస్టను పైకొచ్చి పెట్రోలు ఆవిరిని, గాలిని కలిపి గట్టిగా నొక్కుతుంది. అప్పుడు ప్లగ్గు నిప్పురవ్వ వేస్తే మంట అంటుకోవాలి. ఆ వేడికి, నొక్కుడుకు ఆగలేక, ప్లగ్గు మంట తన దాకా రాకముందే కొంత భాగం దానంతట అదే అంటుకుంటే, లోపల సుత్తితో కొట్టినట్టు టకటకమని చప్పుడొస్తుంది. మెకానిక్కులు నాకింగ్ అనేది దీన్నే. అది ముదిరితే పిస్టను దెబ్బతింటుంది. ఇలా తొందరపడి అంటుకోకుండా ఓర్చుకునే గుణానికి వేసే మార్కే ఆక్టేన్. ఓర్పు ఎక్కువైనంత మాత్రాన అందులో శక్తి ఎక్కువైనట్టు కాదు.

మా నాన్న కాలంలో బావుల మీద పెట్రోలుతో స్టార్ట్ చేసి కిరసనాయిలుతో నడిపే ఇంజన్లు ఉండేవి. కిరసనాయిలుకు ఈ ఓర్పు బాగా తక్కువ. అందుకే ఆ ఇంజన్లలో నొక్కుడు తక్కువ ఉండేట్టు తయారుచేసేవారు. ఏ ఇంజనుకు ఏది కావాలో తయారైన రోజే నిర్ణయమైపోతుంది. చాలినంత యూరియా వేసిన వరికి ఇంకో బస్తా ఎక్కిస్తే దిగుబడి పెరుగుతుందా? పెరిగేది ఖర్చే. ఇదీ అంతే.

మన దేశంలో సాదా పెట్రోలు ఒకప్పుడు 88 ఆక్టేన్ ఉండేది. 2020 ఏప్రిల్ 1 నుంచి దేశమంతా అమల్లోకి వచ్చిన బీఎస్-6 ప్రమాణం ప్రకారం కనీసం 91 ఉండాలి. ప్రీమియం పేరుతో అమ్మేది సాధారణంగా 95. 20 శాతం ఇథనాల్ కలపడం వల్ల సాదా పెట్రోలే 95కు చేరిందని 2025 ఆగస్టులో కేంద్ర పెట్రోలియం శాఖే చెప్పింది. మరి ఆ ఎక్కువ సొమ్ము దేనికి పోస్తున్నట్టు?

లెక్క వేసి చూద్దాం

సాదా పెట్రోలు లీటరు 110 రూపాయలు, ప్రీమియం 118 అనుకుందాం. ఆ ఎనిమిది రూపాయలు గిట్టాలంటే లీటరుకు 50 కిలోమీటర్లు ఇచ్చే బండి 53న్నర దాటి ఇవ్వాలి. సాదా పెట్రోలు సరిపోయే బండిలో అది జరిగే పని కాదు. నెలకు 20 లీటర్లు వాడే ఇంట్లో 160 రూపాయలు, ఏడాదికి 1,920 రూపాయలు గాలికి పోయినట్టే. 45 కిలోల యూరియా బస్తా ప్రభుత్వ ధర 266 రూపాయల 50 పైసల లెక్కన అది ఏడు బస్తాల యూరియా. ఎకరం, రెండెకరాల రైతుకు ఇది చిన్న మాట కాదు.

ప్రీమియం ఎవరికీ అక్కర్లేదని నేననను. నొక్కుడు ఎక్కువుండే ఖరీదైన కార్లకు, కొన్ని టర్బో ఇంజన్లకు 95 కావాలని కంపెనీయే రాస్తుంది. వాళ్లు వాడుకోవాల్సిందే. ప్రీమియంలో ఇంజను శుభ్రం చేసే మందులు కలుపుతారన్నదీ అబద్ధం కాదు. కానీ మన మోపెడ్‌కు, మన పాత కారుకు వేళకు సర్వీసింగ్ చేయిస్తే ఆ శుభ్రం ఎలాగూ జరుగుతుంది. బండి టకటకమంటుంటే ప్రీమియం పోసి నోరు మూయించడం కన్నా లోపల మసి పేరుకుందా, పెట్రోలు కల్తీదా అని చూడటం మంచిది. కిరసనాయిలు కలిస్తే ఆక్టేన్ పడిపోతుంది, చప్పుడు మొదలవుతుంది. ఇక ట్రాక్టరు సంగతి. డీజిలుకు ఈ ఆక్టేన్ లెక్కే లేదు.

అసలు మైలేజీ తగ్గేది ఎక్కడ?

"అన్నా, ఈమధ్య బండి మైలేజీ తగ్గింది" అని ఊళ్లలో చాలామంది అంటున్నారు. అందులో కొంత నిజముంది. ఇథనాల్‌కు ఓర్పు ఎక్కువే గాని, శక్తి మాత్రం పెట్రోలు కన్నా సుమారు మూడో వంతు తక్కువ. 20 శాతం కలిపితే పాత కార్లకు 6-7 శాతం, పాత బైకులకు 3-4 శాతం మైలేజీ తగ్గవచ్చని నీతి ఆయోగ్ 2021 నివేదికలోనే ఉంది. ఇథనాల్ కోసం మొక్కజొన్న, చెరకు, నూకలు కొంటున్నారు కాబట్టి రైతుగా నేను దాన్ని కాదనను. కానీ ఒక చేత్తో ఇచ్చి ఇంకో చేత్తో తీసుకుంటే ఎలా? నష్టపోయే వినియోగదారుకు పన్నులో రాయితీ ఆలోచించమని అదే నివేదిక సూచించింది. ఆ మాట ఏమైంది?

ఇథనాల్ తేమను పీల్చుకుంటుంది. అందుకే సీజను అయిపోయాక తైవాన్ పంపులో, కలుపు మిషన్లో పెట్రోలు నెలల తరబడి ఉంచొద్దు. ట్యాంకు ఖాళీ చేసి, కార్బొరేటరులో ఉన్నది అయిపోయేదాకా నడిపి దాచుకోవాలి. లేకపోతే మందు కొట్టే రోజున అది స్టార్టు కాదు, కూలీలు గట్టు మీద కూర్చుంటారు.

మిగతా మైలేజీ మన చేతిలోనే ఉంది. టైర్లలో గాలి, ఎయిర్ ఫిల్టరు, బిగుసుకుపోయిన బ్రేకు, వదులైన చైను, సగం నొక్కి పెట్టిన క్లచ్చు. ఈ అయిదూ చూసుకుని గంటకు 45-55 కిలోమీటర్ల వేగంతో పోతే వచ్చే లాభం ఏ ప్రీమియమూ ఇవ్వదు.

చేయాల్సిందేమిటి?

ప్రతి పెట్రోలు గొట్టం మీద ఆక్టేన్ ఎంత, ఇథనాల్ ఎంత, ధర ఎంత అన్నది తెలుగులో పెద్దక్షరాలతో రాయించాలి. "మంచి పెట్రోలు" అనే మాటతో అమ్మడాన్ని అధికారులు ఆపించాలి. పురుగు మందుల కొట్లో అడగని టానిక్ సీసా అంటగడితే కోప్పడే మనం, బంకులో మాత్రం నోరెత్తం. చెప్పేవాడికి వినేవాడు లోకువ.

రైతు సోదరులారా, బండి పుస్తకం లేకపోతే షోరూములోనో, తెలిసిన మెకానిక్కునో అడిగి మీ బండికి ఏ ఆక్టేన్ కావాలో ఒక్కసారి తెలుసుకోండి. కల్తీ అనుమానముంటే ఫిల్టరు కాగితం అడగండి, కొలత అనుమానముంటే అయిదు లీటర్ల కొలపాత్రతో కొలిచి చూపమనండి. ఆ రెండూ ప్రతి బంకులో ఉండాలి, అడిగితే చూపాలి. ఈసారి "మంచిది కొట్టనా బాబాయ్" అని అడిగితే, "సాదాదే కొట్టు నాయనా, ముందు సున్నా చూపించు" అనండి. మిగిలిన ఎనిమిది రూపాయలు జేబులో వేసుకుని ఇంటికి రండి.