బడి లెక్క తప్పితే పిల్లలు తప్పిపోతారు

దేశంలో బడికి వెళ్తున్న పిల్లలెందరు? కేంద్ర విద్యాశాఖ యూడైస్ ప్లస్ నివేదికల ప్రకారం 2021-22లో సుమారు 26.5 కోట్ల మంది. మరుసటి ఏడాది 25.2 కోట్ల మంది. 2023-24లో 24.8 కోట్ల మంది. రెండేళ్లలో దాదాపు కోటీ 70 లక్షల పేర్లు పట్టికలోంచి వెళ్లిపోయాయి. అంతకుముందు బడి మొత్తానికీ కలిపి అంకెలు పంపేవారని, 2022-23 నుంచి ఒక్కో విద్యార్థి వివరం విడిగా నమోదవుతోందని, కాబట్టి పాత లెక్కను కొత్త లెక్కతో నేరుగా పోల్చరాదని శాఖ వివరణ ఇచ్చింది. ఆ వివరణ నిజమే. ఆందోళన పడాల్సిందీ అక్కడే. పోయిన పేర్లలో రెండు బడుల్లో నమోదై ఉన్నవి ఎన్ని, అసలు లేని పిల్లలవి ఎన్ని, జననాలు తగ్గడం వల్ల తగ్గినవి ఎన్ని, నిజంగా చదువు మానేసి పనికి పోయిన పిల్లలవి ఎన్ని? ఆ నివేదికలు విడదీసి చెప్పవు. కొట్టేసిన దొంగ పేరూ, చదువు ఆగిపోయిన ఆడపిల్ల పేరూ ఆ పట్టికలో ఒకేలా కనిపిస్తాయి. లెక్క చెడితే మొదట నష్టపోయేది ఆ ఆడపిల్లే.

ఇది ఢిల్లీ వ్యవహారమని ఎన్టీఆర్ జిల్లా కంచికచర్లలో కూర్చుని ఊరుకోవడానికి వీల్లేదు. ఆ కోట్ల అంకె పుట్టేది మన బడుల హాజరు పట్టీల్లోనే. కంచికచర్ల, నందిగామ, జగ్గయ్యపేట మండలాల్లో ప్రతి బడికీ 11 అంకెల యూడైస్ కోడ్ ఉంది. ప్రధానోపాధ్యాయుడు నింపిన వివరాలు క్లస్టర్ రిసోర్స్ పర్సన్ (సీఆర్పీ) ద్వారా మండల వనరుల కేంద్రానికి, అక్కడి నుంచి మండల విద్యాధికారి (ఎంఈఓ) సంతకంతో జిల్లాకు, తర్వాత సమగ్ర శిక్ష రాష్ట్ర కార్యాలయానికి, చివరికి ఢిల్లీకి చేరతాయి. ప్రాథమిక విద్య కోసం 1994-95లో డైస్ పేరుతో మొదలైన ఈ ఏర్పాటు 2012-13లో ఉన్నత పాఠశాలలనూ కలుపుకొని యూడైస్ అయింది. 2018-19 నుంచి యూడైస్ ప్లస్‌గా పూర్తిగా ఆన్‌లైన్‌లోకి వెళ్లింది. మూడు దశాబ్దాల్లో పనిముట్లు ఎంతో మారాయి. అంకె రాసే చెయ్యి మాత్రం మారలేదు. ఆ అంకె మీద ఏం ఆధారపడి ఉందో రాసే మనిషికి బాగా తెలుసన్న విషయమూ మారలేదు.

ఏం ఆధారపడి ఉంది? ముందుగా ఉపాధ్యాయ పోస్టులు. 2022 జూన్ 10న రాష్ట్ర ప్రభుత్వం తెచ్చిన జీవో 117 పిల్లల సంఖ్యను బట్టి పోస్టులను సర్దుబాటు చేసింది. ఎన్నో చోట్ల 3, 4, 5 తరగతులు ఊరి బడి నుంచి సమీప ఉన్నత పాఠశాలకు తరలిపోయాయి. ఆ జీవోను 2025లో పక్కన పెట్టి కొత్త నిబంధనలు తెచ్చారు. వాటిలోనూ రోల్ ఎంతన్నదే కొలమానం. మధ్యాహ్న భోజనం బియ్యం, పుస్తకాలు, కిట్లు, బడి గ్రాంటు అన్నీ ఆ అంకె వెంటే నడుస్తాయి. 2025 జూన్‌లో తల్లికి వందనం పథకం కింద 67 లక్షలకు పైగా విద్యార్థుల తరఫున తల్లులకు ఒక్కో విద్యార్థికి 13 వేల రూపాయల చొప్పున అందింది. బడుల నిర్వహణకని మినహాయించిన 2 వేలు దీనికి అదనం. ఈ పథకాలను తప్పుపట్టడం ఈ సంపాదకీయం ఉద్దేశం కాదు. పేద తల్లి చేతికి చేరే ప్రతి రూపాయీ న్యాయమైనదే. కానీ ఇన్ని ప్రయోజనాలు ఒకే అంకెకు ముడిపడి ఉన్నప్పుడు, ఆ అంకెతో లాభనష్టాలున్న వారే దాన్ని రాసి, వారి పైఅధికారే సరిచూసే పద్ధతి ప్రమాదకరం. రోల్ తగ్గితే పోస్టు పోతుందని తెలిసిన ప్రధానోపాధ్యాయుణ్ని పట్టుకుని నిజం రాయమనడం తేలిక. రాశాక అతని బడిని కాపాడే ఏర్పాటు ఏదీ లేదు.

ఈ జబ్బు మనకొక్కరికే లేదు. ఆఫ్రికా దేశాల గణాంకాలపై జస్టిన్ శాండెఫర్, అమండా గ్లాస్‌మన్ చేసిన అధ్యయనంలో కెన్యా ఉదాహరణ ఉంది. 2003లో అక్కడ ప్రాథమిక విద్యను ఉచితం చేశారు. ఫీజుకు బదులు, పిల్లల సంఖ్యను బట్టి బడికి ప్రభుత్వమే నిధులిచ్చింది. బడులు పంపిన లెక్కల్లో చేరికలు బాగా పెరిగాయి. అదే కాలంలో ఇళ్లకు వెళ్లి అడిగిన సర్వేల్లో ఆ పెరుగుదల కనిపించలేదు. డబ్బు దారి మారగానే అంకె కూడా దారి మార్చింది.

మన రాష్ట్రంలోనే అంతకన్నా కలవరపెట్టే రుజువు ఉంది. ఆర్థికవేత్త అభిజీత్ సింగ్ ఆంధ్రప్రదేశ్‌లో 2,400కు పైగా బడుల్లో పిల్లల పరీక్షలపై ప్రయోగం చేశారు. కొన్ని బడుల్లో ఉపాధ్యాయుల పర్యవేక్షణలో కాగితంపై పరీక్ష, మరికొన్నింటిలో ట్యాబ్ మీద. కాగితం పరీక్షల్లో మార్కులు ఉన్నదానికన్నా ఎక్కువగా వచ్చాయి. ట్యాబ్ ఫలితాలు బయటివారు స్వతంత్రంగా పెట్టిన పరీక్షకు దగ్గరగా ఉన్నాయి. ఆ మార్కులతో ఉపాధ్యాయులకు వచ్చే లాభం గానీ, పోయే నష్టం గానీ లేకపోయినా ఇదే జరిగింది. మధ్యప్రదేశ్‌లో అధికారిక పరీక్ష రాసిన పిల్లలను మళ్లీ పరీక్షించి చూసినప్పుడూ అధికారిక మార్కులు వాస్తవాన్ని ఎంతో పెంచి చూపాయని ఆయన తేల్చారు. దీన్ని బట్టి ఉపాధ్యాయులంతా మోసగాళ్లని తీర్మానించడం అన్యాయం. తన పనికి తానే మార్కులు వేసుకోమంటే ఏ వృత్తిలో ఉన్నవారైనా కొంత ఉదారంగానే వేసుకుంటారు. తప్పు ఆ ఏర్పాటులో ఉంది.

ఆ ఏర్పాటు దాచిన నిజం ఒక్కోసారి ఒక్కసారిగా బయటపడుతుంది. 2019లో మన రాష్ట్ర పదో తరగతి ఉత్తీర్ణత 94.88 శాతం. కరోనా కారణంగా 2020, 2021లో అందరినీ ఉత్తీర్ణులుగా ప్రకటించారు. 2022లో పరీక్ష పెడితే ఉత్తీర్ణత 67.26 శాతానికి పడిపోయింది. మూడేళ్లలో పిల్లల తెలివి అంతగా పడిపోతుందా? రెండేళ్లు బడులు సరిగ్గా నడవని నష్టం అందులో తప్పకుండా ఉంది. కానీ ఆ పిల్లలు ఎనిమిది, తొమ్మిది తరగతుల్లో ఉన్నప్పుడు ఎవరికి ఏమి రావడం లేదో చెప్పగల నమ్మకమైన లెక్క ఉంటే, పదో తరగతి ఫలితాల రోజున రాష్ట్రం ఉలిక్కిపడాల్సిన అవసరం వచ్చేది కాదు.

ఇక అసలు లెక్కలోకే రాని పిల్లల సంగతి. పరిటాల పరిసరాల్లోని క్వారీలు, క్రషర్లకు పనికోసం వచ్చిన కుటుంబాలున్నాయి. మిర్చి కోతలకు, పత్తి తీతకు మన మెట్ట మండలాలకు ఏటా కూలీ కుటుంబాలు వస్తుంటాయి. కర్నూలు పడమటి మండలాల నుంచి గుంటూరు, పల్నాడు మిరప చేలకు జరిగే వలసలో పిల్లలు సగం చదువులో బడి వదలడం రాష్ట్రమంతటికీ తెలిసిన విషయమే. అలాంటి బిడ్డ పేరు సొంతూరి హాజరు పట్టీలో ఉంటుంది, మనిషి మన చేలగట్టున ఉంటాడు. అక్కడి బడికి ఆ పేరు కొట్టేయాలని ఉండదు. ఇక్కడి బడికి టీసీ లేని పిల్లవాణ్ని చేర్చుకోవాలని ఉండదు. చివరికి పేరు కొట్టేస్తే అది ఆన్‌లైన్‌లో డ్రాప్ బాక్స్‌లోకి వెళ్తుంది. ఎవరో ఒక బడి దాన్ని తీసుకునేదాకా అక్కడే ఉంటుంది. 2009 విద్యాహక్కు చట్టం తొమ్మిదో సెక్షన్ ప్రకారం తన పరిధిలో నివసించే 14 ఏళ్ల లోపు పిల్లల రికార్డు ఉంచడం స్థానిక సంస్థ బాధ్యత. వలస కుటుంబాల పిల్లలను బడిలో చేర్చుకోవడమూ దాని బాధ్యతే. ఇది దయతో చేసే పని కాదు, చట్టం మోపిన విధి. మన పంచాయతీలలో ఎన్నింట ఆ రికార్డు నిజంగా నడుస్తోందో ప్రతి సర్పంచీ, ప్రతి కార్యదర్శీ గుండె మీద చెయ్యి వేసుకుని చెప్పాలి.

బడిలో ఉన్నవారిని సరిగ్గా లెక్కించినా చాలదు. ఊళ్లో ఉండాల్సిన పిల్లలెందరో తెలియాలి. నమోదు శాతం అనే భిన్నంలో హారం అదే. ఆ హారం ఇప్పటికీ 2011 జనగణన మీద వేసిన అంచనాలతోనే నడుస్తోంది. 2021లో జరగాల్సిన జనగణన వాయిదాల మీద వాయిదా పడి, కొత్త లెక్కకు 2027 మార్చి 1ని ప్రామాణిక తేదీగా ఖరారు చేశారు. ఈలోగా 2014లో రాష్ట్రం విడిపోయింది. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు 13 నుంచి 26 అయ్యాయి. అప్పటిదాకా కృష్ణాలో ఉన్న కంచికచర్ల, నందిగామ, జగ్గయ్యపేట ఎన్టీఆర్ జిల్లాలోకి వచ్చాయి. 2011లో లేని జిల్లాకు 2011 నాటి జనాభా నుంచి అంచనా కట్టి, పిల్లల నమోదు ఇంత శాతమని దశాంశ స్థానాలతో ప్రకటిస్తున్నాం. అంత కచ్చితత్వం ఆ అంకెలో లేదని ప్రజలకు చెప్పేవారు లేరు.

లెక్కతో పాటు దాని లోటును కూడా చెప్పే నిజాయితీ ఈ నేలకు కొత్తేమీ కాదు. 1822లో మద్రాసు గవర్నర్ సర్ థామస్ మన్రో తన పాలనలోని జిల్లాలన్నింటిలో బడుల లెక్క తీయమని కలెక్టర్లను ఆదేశించాడు. మచిలీపట్నం, గుంటూరు, బళ్లారి నుంచీ నివేదికలు వెళ్లాయి. 1826 మార్చిలో ఆయన తేల్చిన మొత్తం 12,498 బడులు, 1,88,650 మంది విద్యార్థులు. జనాభా కోటీ 28 లక్షల పైచిలుకు. అంతటితో ఆగలేదు. ఇళ్ల దగ్గర చదువుకునే వారు చాలా జిల్లాల లెక్కల్లో చేరలేదని, మద్రాసు పట్నంలో అలాంటి వారి సంఖ్య బడుల్లో చదివేవారికి అయిదు రెట్లకు మించి చూపారని, అందులోనూ పొరపాటు ఉండవచ్చని రాశాడు. కాబట్టి అసలు చదువుకుంటున్న వారు లెక్కలో కనబడే వారికన్నా ఎక్కువేనని అంచనా కట్టాడు. కాగితం, కలం, ఆనాటి తపాలాతో తీసిన లెక్కలో కనిపించిన ఆ జాగ్రత్త నేటి నివేదికల్లో కొరవడింది.

ఇప్పుడు పెద్ద ప్రమాదం, సమస్య తీరిపోయిందన్న భ్రమ. ప్రతి విద్యార్థికీ శాశ్వత సంఖ్య వచ్చింది, అపార్ గుర్తింపు వచ్చింది, ఉపాధ్యాయుల హాజరుకు ముఖ గుర్తింపు వచ్చింది, చెదిరి ఉన్న యాప్‌లను కలిపి లీప్ యాప్ తెచ్చారు. ఇవి మేలైన మార్పులే. ఒకే పేరు రెండు బడుల్లో ఉంటే ఇవి పట్టిస్తాయి. కానీ ఈ రోజు తరగతిలో ఎందరు కూర్చున్నారో, ఆ కూర్చున్నవారిలో ఎందరు పేరా చదవగలరో యాప్‌కు తెలియదు. మనిషి నొక్కిన బటనే దానికి సత్యం. పైగా నెట్ అందక, సర్వర్ మొరాయించి, ఒకే వివరాన్ని పలుమార్లు ఎక్కిస్తూ ఉపాధ్యాయులు కోల్పోతున్నది పాఠం చెప్పాల్సిన సమయాన్ని. విసుగెత్తిన చెయ్యి నింపిన గడిలో నిజం ఉంటుందన్న హామీ లేదు.

చేయాల్సిన పనులు అసాధ్యమైనవి కావు. ఒకటి, రాసేవారిని, సరిచూసేవారిని వేరు చేయాలి. ప్రతి ఏటా చీటీ తీసి ఎంచిన కొన్ని బడులకు వేరే మండలం బృందం చెప్పకుండా వెళ్లి తలలు లెక్కించాలి. బడి చెప్పిన అంకె, బృందం చూసిన అంకె రెండూ పక్కపక్కనే ప్రకటించాలి. రెండు, బడి పంపిన లెక్కను ఆ బడి గోడ మీదే రాయాలి. 2024 డిసెంబర్ 7న మొదలైన మెగా పేరెంట్ టీచర్ సమావేశాల్లోనూ, పాఠశాల యాజమాన్య కమిటీలోనూ దాన్ని చదివి వినిపించాలి. ఊరివాళ్ల ముందు చదివే అంకెలో అబద్ధం నిలవదు. మూడు, అంగన్‌వాడీ జాబితా, ఏఎన్ఎం వద్ద ఉన్న జాబితా, బడి రిజిస్టరు మూడింటినీ గ్రామ సచివాలయంలో ఏడాదికి రెండుసార్లు పక్కన పెట్టి పోల్చాలి. మిర్చి కోతల కాలంలో ఒకసారి తప్పనిసరిగా జరగాలి. నాలుగు, నిజం రాసినందుకు శిక్ష పడకూడదు. రోల్ తగ్గిందని నిజాయితీగా చూపిన బడికి ఆ ఏడాదే పోస్టు ఎత్తేయకుండా కనీసం రెండేళ్ల గడువు ఇవ్వాలి. అయిదు, ఒకసారి ఇచ్చిన వివరాన్ని మరో శాఖ, మరో యాప్ మళ్లీ అడగకూడదు. ఆరు, పై నివేదికల్లో సంఖ్య తగ్గితే ఏ కారణంతో ఎంత తగ్గిందో విడదీసి చెప్పడం కేంద్ర, రాష్ట్ర విద్యాశాఖల బాధ్యతగా ఉండాలి.

కొత్త జనగణన వచ్చాక రాష్ట్రమంతటా బడులు, పోస్టులు, నిధుల లెక్కలు మళ్లీ వేస్తారు. ఆనాటికి మన రిజిస్టర్లు ఇలాగే ఉంటే, పిల్లలున్న ఊళ్లో బడి ఎత్తేయడమూ, పిల్లల్లేని చోట పోస్టులు నింపడమూ ఏకకాలంలో జరుగుతాయి. రెండింటికీ సంతకం చేసిన అధికారి చేతిలో అంకె ఉంటుంది కాబట్టి ఎవరినీ తప్పుపట్టలేం. ఒకసారి మూతపడిన ఊరి బడిని మళ్లీ తెరిపించడం ఎంత కష్టమో 2022 తర్వాత ఎన్నో గ్రామాల తల్లిదండ్రులు అనుభవించారు. సరిదిద్దుకోవడానికి ఇంకా సమయం ఉంది. పంచాయతీలు చట్టం చెప్పిన పిల్లల రిజిస్టరును ఈ విద్యా సంవత్సరంలోనే తెరవాలి. విద్యాశాఖ స్వతంత్ర తనిఖీని మన మండలాల నుంచే మొదలుపెట్టాలి. తల్లిదండ్రులు తమ ఊరి బడి లెక్క ఏమిటో అడగాలి, చూపించేదాకా అడుగుతూనే ఉండాలి.