పాత కారు ఇంజను: బాగుచేయింపవలెనా, మార్పింపవలెనా?



మన మదనపల్లె, పుంగనూరు, కుప్పము ప్రాంతములలో పాత కారు గల రైతు దానిని వేడుకకై ఉంచుకొన్నవాడు కాడు. తెల్లవాఱక మునుపే టొమాటో మండీకి పోవుటకును, విత్తనములు, మందులు తెచ్చుకొనుటకును, అపరాత్రి వేళ రోగిని వేలూరు ఆసుపత్రికి చేర్చుటకును అదియే ఆధారము. అట్టి బండి నీలిపొగ గ్రక్కుచు, మొగిలి కనుమ ఎక్కలేక రొప్పసాగినప్పుడు రెండు సలహాలు వినవచ్చును. విప్పి బోరు వేయింపుమని ఒకరు, ఇంజనునే మార్చివేసినచో రెండు దినములలో బండి రోడ్డెక్కునని మఱొకరు. కాపు ముమ్మరముగా నున్న దినములలో రెండవ మాటయే చెవికి ఇంపుగా నుండును. అయినను, పాత కారు విషయములో ఆ మాట చాలవఱకు నష్టదాయకమని నా అభిప్రాయము.

మార్చుట యనగా నేమో ముందు తెలిసికొనవలెను. అంబాసిడరు కారు తయారీ ఉత్తర్‌పారా కర్మాగారములో 2014లో నిలిచిపోయినది. మారుతి 800 కూడ ఆ సంవత్సరమే ఆగినది. కావున ఇట్టి బండ్లకు ‘వేఱొక ఇంజను’ అనగా క్రొత్త ఇంజను గాదు. ఎవరో వాడి వదలినది, లేదా ప్రమాదములో నుజ్జయిన బండి నుండి విప్పినది. ఎద్దును కొనునప్పుడు పళ్లు చూచెదము, మెడమీది కాడిదెబ్బ చూచెదము, నాలుగడుగులు నడిపించి చూచెదము. పాతసామానుల అంగడిలో కిరసనాయిలుతో కడిగి, రంగు పూసి, నేలపై నుంచిన ఇంజనుకు పళ్లెచ్చట? మన ఇంజను దోషము మనకు తెలిసినది. దాని దోషము దానిని అమ్మినవానికి తెలిసినది.

అంతకంటె ముఖ్యమైన ప్రశ్న యొకటి కలదు. ఉన్న ఇంజను ఏల చెడినది? మన వైపు బోరుబావుల నీరు పెక్కుచోట్ల ఉప్పునీరు. కాగిన బానలో తెల్లగా గట్టిపడు సున్నపు పొర యెట్టిదో ఇంటి ఆడవారి నడిగిన చెప్పుదురు. ఆ నీటినే రేడియేటరులో పోయుచున్నాము. సన్నని గొట్టములు పూడి, ఇంజను కాగి, గాస్కెట్టు కాలి, హెడ్డు వంగును. ఇక ఎఱ్ఱమట్టి దారుల దుమ్ము. గాలివడపోత చినిగియుండిన ఆ దుమ్ము సిలిండరులోనికి పోయి, ఆకురాయివలె గోడలను అరగదీయును. ఈ రెంటిని సరిచేయక ఎట్టి ఇంజను తెచ్చి బిగించినను దానికిని అదే గతి పట్టును. రేడియేటరునకు కూలెంటు పోయుడు. అది దొరకనిచోట పట్టియుంచిన వాననీరైనను మేలు.

తరువాత పరీక్ష. సిలిండరులలోని ఒత్తిడిని గేజితో కొలువవలెను. పెట్రోలు ఇంజనులో ఒత్తిడి తక్కువైన సిలిండరులో చెంచాడు ఇంజనునూనె పోసి మరల కొలిచినప్పుడు అంకె పెరిగెనా, రింగులో బోరో అరిగినవి. పెరగనిచో వాల్వులో గాస్కెట్టో చెడినవి. వాల్వుల పని హెడ్డు దింపిన తీరును. దానికై ఇంజనును మార్చుట చిల్లుపడిన కుండ యున్నదని పొయ్యిని పడగొట్టుట వంటిది. (డీజిలు ఇంజనులో ఇట్లు నూనె పోయరాదు, దానికి గేజియు వేఱు.) విప్పిన పిమ్మట బోరును, క్రాంకుషాఫ్టును మైక్రోమీటరుతో కొలిచి, ఆ అంకెలను కాగితముపై వ్రాయించుకొనుడు. అంకెలు వ్రాసి యీయని మేస్త్రీకి పని అప్పగింపరాదు. బోరు హద్దులో నున్నచో క్రొత్త రింగులు చాలును. హద్దు మీఱినచో 0.25, 0.50 మిల్లీమీటర్ల హెచ్చు కొలత పిస్టనులకు సరిపడ బోరు వేయింపవచ్చును. అదియు అయిపోయిన, పెక్కు ఇంజనులకు లైనరులు దిగగొట్టవచ్చును. కోడిగ్రుడ్డువలె అరిగిన బోరులో రింగులు మాత్రము మార్చి పంపు పని మాత్రము కూడదు. అది ఆఱునెలల మాట. బ్లాకు పగిలినను, కనెక్టింగు రాడ్డు విఱిగి దానిని చీల్చినను వాదమే లేదు, వేఱొక ఇంజను చూచుకొనవలసినదే.

అట్లు మార్చువారు కాగితముల మాట మఱువరాదు. మూడు రాష్ట్రములు కలియు మూలనున్న కుప్పమువారికి ఇది మఱింత అవసరము. ఇంజను నంబరు రిజిస్ట్రేషను పత్రములో నుండును. 1988వ సంవత్సరపు మోటారు వాహనముల చట్టము 52వ సెక్షను ప్రకారము ఇంజను మార్పు రవాణా కార్యాలయమువారి యెఱుకతో జరిగి, పత్రములో నమోదు కావలెను. రసీదులేని ఇంజను పరరాష్ట్రపు దొంగసొత్తు కాదని చెప్పగలవారెవరు?

“బండి విలువకన్న మరమ్మతు ఖర్చు హెచ్చు గదా” యని కొందఱు వాదింతురు. ఆ సొమ్ముతో వచ్చునది మఱొక పాతబండియే గదా! దాని లోపలి సంగతి యెవరికెఱుక? అయితే చాసిస్‌ త్రుప్పుపట్టి, అడుగు రేకులు చిల్లులు పడిన బండికి మాత్రము ఏ ఇంజనుపైనను ఒక్క రూపాయియైనను వెచ్చింపరాదు. సొంత కారు రిజిస్ట్రేషను పదునైదేండ్లకు తీరి, అటుపై అయిదేండ్లకొకసారి తనిఖీతో పొడిగింపబడును. ఆ తనిఖీలో నిలువదని తోచిన బండిని అమ్మివేయుడు.

నిదానముగ చేయింపవలసిన పని గనుక కాలమును మనమే ఎన్నుకొనవలెను. వేసవి కాపు మండీలకెక్కక మునుపు, పుష్య మాఘములలో బండిని విప్పించినవానికి తొందర యుండదు; తొందర లేనివానిని రెండు దినముల ఇంజను ఊరింపజాలదు. మన సంఘములు ఒత్తిడి గేజి, బోరు గేజి, మైక్రోమీటరు కొని, సభ్యుల బండ్లను స్వల్ప రుసుముతో పరీక్షింపించు ఏర్పాటు చేయవలెనని కోరుచున్నాను. ఒక్కొక్క రైతు కొనదగినవి కావవి. సంఘమునకు భారము కాదు. రాబోవు సర్వసభ్య సమావేశములో ఈ విషయమును ఎవరైన ప్రతిపాదించిన బాగుండును.

క్రొత్తగా బోరు వేయించిన బండిని మొదటి వేయి కిలోమీటర్లు బరువెక్కింపక, వేగము హెచ్చింపక నడిపి, పిమ్మట నూనె మార్పింపుడు.