జామాయిలు తోట అడవి యగునా?

గోదావరిఖనిలో ఎత్తైన మేడ నెక్కి చూచినచో ఓపెన్‌కాస్టు మట్టిగుట్టలు కనబడును. కొన్నింటిపై పచ్చదనమును గలదు. దూరమునుండి చూచువారికి అది అడవివలెనే తోచును; మాకును చాలకాలము అట్లే తోచినది. దగ్గరకు పోయి చూడగా వరుసలు తీర్చిన జామాయిలు చెట్లు, వాటి క్రింద ఎండుటాకు తప్ప వేరేమియు అగపడలేదు.

సింగరేణి సంస్థ మొక్కలు నాటుట లేదని మే మనము. ఉత్త మట్టికంటె ఏ చెట్టైనను మేలే. దుమ్ము అణగును, గుట్ట జారదు. కాని నాటిన ఎకరముల లెక్క వేరు, మరలి వచ్చిన అడవి లెక్క వేరు. ఎలుగుబంటికి ఇప్పపూవు, తునికిపండు కావలెను. దుప్పికి గడ్డియు నీడయు, పులికి ఆ దుప్పియు కావలెను. 1965లో అభయారణ్యముగను, 2012లో పులుల రక్షిత ప్రాంతముగను ప్రకటింపబడిన కవ్వాల మనకు దూరము కాదు. తాడోబానుండి పులులు కాగజ్‌నగర్ అడవుల మీదుగా ఇటు వచ్చుచున్నవి. మంచిర్యాల జిల్లాలో అడవిపందులకై అమర్చిన కరెంటు తీగలు తగిలి పులులు మరణించుటయు జరిగినది.

మన ఇండ్లు ఈ అడవికి ఋణపడి యున్నవి. వెనుకటి భూగర్భ గనులలో మన పెద్దల తలపై కప్పు కూలకుండ నిలిపినవి అడవి కర్రలే. బొగ్గు తీసిన ఖాళీలను నింపినది గోదావరి ఇసుక. మొసళ్ళు గ్రుడ్లు పెట్టుటకును ఒడ్డున ఆ ఇసుకయే కావలెను. మంథని దాపున శివారం అభయారణ్యము వాటికొరకే ఏర్పడినది.

ఊరివారే అడవిని నరికిరని మన మిత్రులు కొందరందురు. కొంత నిజమే, వంటచెరకు ఆకాశమునుండి రాదు గదా! ఐనను 2013లో బెజ్జూరు అడవిలోని పాలరాపు గుట్టపై పొడుగుముక్కు రాబందుల గూళ్ళు బయటపడినపుడు, అటవీశాఖ వాటికి కావలి పెట్టినది స్థానిక యువకులనే. పక్షి ఎప్పుడు వచ్చునో, పిల్ల ఎప్పుడు ఎగురునో వారికి తెలిసినంతగా కార్యాలయమునకు తెలియదు. 1992లో మొదలైన వన సంరక్షణ సమితుల తలపును ఇదియే. ప్రపంచ బ్యాంకు ఋణము అందినన్నాళ్ళు అవి సాగినవి. పిదప పెక్కు పేరునకు మిగిలినవి. కూలియు హక్కును లేని కావలి ఎన్నాళ్ళు నిలుచును? 2006 నాటి అటవీ హక్కుల చట్టము అడవిని కాపాడి పునరుద్ధరించు హక్కును గ్రామసభలకు ఇచ్చినది. దానిని అమలుపరచినగాని ఈ పని సాగదని మా అభిప్రాయము.

తునికి సంగతియే చూడుడు. ఆకుకొరకు పొదగా నరికినచో పండు కరవగును. కొన్నింటిని చెట్లుగా ఎదుగనీయవలెను. ఏవి విడువదగినవో కల్లమునకు ఆకు మోయు స్త్రీలను అడిగినచో చెప్పుదురు. గుట్టలపై నాటు మొక్కలను ఎంచునపుడు వారిని అడిగినవారెవరు?

కళాశాల సంఘమువారికి మా కోరిక చిన్నది. ఉర్దూ, తెలుగు విభాగముల విద్యార్థులు కలిసి సమీప గ్రామములకు పోయి, అక్కడి చెట్ల పేర్లను రెండు లిపులలోను వ్రాసికొనవలెను. మేము ఇప్ప యన్నదానిని వారు మహువా అందురు, తునికిని తేందూ అందురు. ఊరివారికి కూలి యిచ్చి గింజలు సేకరింపజేసి, గుట్టలపై జామాయిలుతోపాటు వీటినిగూడ నాటుడని సంస్థ నర్సరీకి అందజేయవలెను. తవ్వునపుడు తీసిన పైమట్టిని వేరుగా దాచి మరల పరచవలెనని సంస్థకు వ్రాయవలెను. ఇప్పగింజ వానలు మొదలగునాటికి రాలును. నిలువ యుంచిన మొలకశక్తి త్వరగా చెడును. కావున సంఘమువారి నిర్ణయము వేసవి సెలవులకు ముందే కావలెను.