టర్నర్‌కి ఉన్న స్వేచ్ఛ ప్రోగ్రామర్‌కి లేదా?

ఉప్పల్‌లో మా ఆఫీసులో కొత్తగా చేరినవాళ్ళకి మొదటిరోజే ఒక హుకుం జారీ అవుతుంది. అందరూ ఒకే ఎడిటర్ వాడాలి, అవే షార్ట్‌కట్లు, ఆఖరికి రంగులు కూడా అవే! ఎందుకయ్యా అంటే "స్టాండర్డైజేషన్" అంటారు. లైసెన్సు అనండి, సెక్యూరిటీ అనండి, ఒప్పుకుంటాను. ఇదేం కారణం? కాలేజీ రోజుల నుంచీ విమ్‌కి వేళ్ళు అలవాటైన కుర్రాడు మెనూల్లో వెతుక్కుంటుంటే, అప్రైజల్‌లో "స్లో" అని రాసేదీ ఈ పెద్దమనుషులే.

పక్కనే నాచారం ఇండస్ట్రియల్ ఏరియా ఉంది కదా, ఏదైనా లేత్ షెడ్డులోకి తొంగిచూడండి. టర్నర్ తన టూల్ తనే సానపట్టుకుంటాడు. ఇత్తడికో కోణం, ఉక్కుకో కోణం. ఓనరు వెర్నియర్ పెట్టి డ్రాయింగ్‌లోని కొలత వచ్చిందా లేదా చూస్తాడు, అంతే.

మన డ్రాయింగ్ ఏమిటి? ట్యాబులా స్పేసులా, ఇండెంట్ ఎంత, ఇలాంటివి. ఇవి అందరికీ ఒకటే ఉండి తీరాలి. పైథాన్ 3లో ట్యాబులూ స్పేసులూ అడ్డదిడ్డంగా కలిపితే ప్రోగ్రామే నడవదు. దానికి ప్రాజెక్టులో ఒక ఎడిటర్‌కాన్ఫిగ్ ఫైలు పెట్టి, కమిట్‌కి ముందు ఫార్మాటర్ నడిపితే సరిపోతుంది. విమ్, ఈమాక్స్, వీఎస్ కోడ్ అన్నిట్లోనూ పనిచేస్తుంది, కొన్నిట్లో ప్లగిన్ పెట్టుకోవాలి.

పైగా కంపెనీ ఎంచుకున్నది శాశ్వతమా? 2015లో 1.0 వచ్చిన ఆటమ్‌ని గిట్‌హబ్ 2022 డిసెంబరులో మూసేసింది. బిల్ జాయ్ 1976లో మొదలుపెట్టిన వీఐ కమాండ్లు మాత్రం, బ్రామ్ మూలెనార్ 1991లో విడుదల చేసిన విమ్‌లో ఇవాళ్టికీ పనిచేస్తున్నాయి.

అలాగని ఎవడిదో నాలుగొందల లైన్ల విమ్‌ఆర్‌సీ దించుకుని పోజుకొట్టే కుర్రాళ్ళని నేను వెనకేసుకు రావట్లేదు. అది వేరేవాడు సానపట్టిన టూలు, ఏ కోణం ఎందుకో నీకు తెలీదు. అర్ధరాత్రి క్లయింటు సర్వర్‌లో ఉత్త వీఐ ఎదురైనప్పుడు బండారం బయటపడుతుంది. ముందు ఉత్తది నేర్చుకో. ఆ తర్వాత ఎక్కడ ఇబ్బందైతే అక్కడ ఒక్క లైను రాసుకో, ఎందుకు రాశావో పైన కామెంటు పెట్టుకో.

లీడు గార్లూ, కోడ్‌ని ఎంత కఠినంగానైనా కొలవండి, కాదనను. కానీ ఎవరో వేరే ఎడిటర్ వాడినందుకు ఆగిపోయిన డెలివరీ ఒక్కటంటే ఒక్కటి చూపించండి. రేపే నా విమ్ తీసేస్తాను!