కుదుపును మింగేవాళ్లు

మా అనంతపురంలో ఎవరైనా కారు కొన్నారంటే నలుగురూ చేరి మూడు ప్రశ్నలు వేస్తారు. ఎంతకు కొన్నారు? లీటరుకు ఎంత ఇస్తుంది? ఏసీ చల్లగా వుందా? మే నెలలో మా ఎండ రుచి చూసినవారెవరూ ఆ మూడో ప్రశ్నను తప్పు పట్టరు. కాని, "ముందు షాకబ్జర్లు ఎట్లా వున్నాయి?" అని అడిగిన పుణ్యాత్ముణ్ణి నేను ఇంతవరకూ చూడలేదు. ఇంటిల్లిపాది విసుర్లూ కసుర్లూ మింగి సంసారాన్ని నడిపించే మనిషిని మాత్రం ఎవరు పలకరిస్తున్నారు కనుక!

తెలుగు పాఠాలు చెప్పుకునేవాడికి ఈ గొడవ ఎందుకని మీరు అనవచ్చు. గొడవ నాది కాదు, నా దగ్గర చదువుకునే ఒక కుర్రవాడిది. వాళ్ల నాన్న వేరుసెనగ రైతు. ఏడాది పొడుగునా కలిపి 550 మిల్లీమీటర్ల వాన పడితే గొప్ప అనుకునే నేల మాది. మూడు పంటలు ఎండి నాలుగోది చేతికొచ్చిన ఏడు, ఆయన ఒక పాత చిన్న కారు కొన్నాడు. షోకుకు కాదు. భార్యకు నడుము ఆపరేషను అయింది. నెలకొకసారి బెంగుళూరు తీసుకువెళ్లి డాక్టరుకు చూపించాలి.

కుర్రవాడికి ఆ కారులో మరొకటి కనిపించింది. పావుమైలు దూరం, అంటే మన లెక్కకు 402 మీటర్లు, బాణంలాగా తిన్నగా దూసుకుపోయే డ్రాగ్ రేసులని అమెరికాలో వున్నాయి. ఆ బొమ్మలన్నీ ఫోనులో చూశాడు. ఒకనాడు క్లాసు అయ్యాక నా వెంటపడ్డాడు.

"సార్, బండి కదలంగానే ముక్కు పైకి లేయల్ల సార్. దానికి ముందర వేరే రకం షాకబ్జర్లు వేయల్లంట. మా నాయనకు మీరొక మాట చెప్పండి సార్."

చెప్పడానికేం భాగ్యం? కాని ఒకరి చేత డబ్బు ఖర్చు పెట్టించే ముందు ఆ వస్తువేమిటో మనకు తెలియాలి కదా. అంచేత మా వీధి చివరి మెకానిక్ షెడ్డులో రెండు సాయంకాలాలు కూర్చున్నాను, నాలుగు పుస్తకాలు తిరగేశాను.

మొట్టమొదట తెలుసుకోవలసింది: షాకబ్జరు బరువు మొయ్యదు. "మోసేది స్ప్రింగు సార్, ఊగకుండా ఆపేది ఇది," అన్నాడు మెకానిక్, ఒక్క ముక్కలో. ఊయలను ఒకసారి తోసి వదిలితే ఎంతసేపు ఊగుతుందో మనకు తెలుసు. స్ప్రింగు స్వభావమూ అంతే; ఒక గుంట తగిలితే పది గజాల దాకా ఎగురుతూనే వుంటుంది. షాకబ్జరంటే లోపల నూనె, ఆ నూనెలో చిన్న చిన్న రంధ్రాలున్న పిస్టను గల గొట్టం. పిస్టను కదిలినప్పుడల్లా నూనె ఆ సందుల్లోంచి దూరి వెళ్లాలి. ఆ పెనుగులాటలో ఊపు కాస్తా వేడిగా మారి గాలిలో కలిసిపోతుంది. గతుకుల దారిన వచ్చిన బండికి షాకబ్జరు గొట్టం వేడెక్కడం అందుకే.

దీనికి రెండు పనులున్నాయి. చక్రం మిట్ట ఎక్కితే లోపలికి నొక్కుకుంటుంది. గుంటలోకి దిగితే బయటికి సాగుతుంది. ఏ వైపు ఎంత బిగువు వుండాలన్నదే ఎంపికలోని కిటుకంతా.

ఇహ పందెపు కారు సంగతి. కారు ఒక్కసారిగా ముందుకు దూకినప్పుడు బరువు వెనక చక్రాల మీదికి జరుగుతుంది. అమెరికావారి పందెపు కార్లలో చాలావాటిని వెనక చక్రాలే తోస్తాయి కనుక వారికి అది వరం. అందుకని ముందు షాకబ్జర్లను సాగేటప్పుడు వదులుగాను, నొక్కుకునేటప్పుడు బిగువుగాను పెడతారు. "తొంభై-పది" అని ఒక రకానికి పేరే వుంది. బిగువులో తొంభై పాళ్లు నొక్కుకునేటప్పుడు, పది పాళ్లే సాగేటప్పుడు. ముక్కు ఇట్టే లేస్తుంది, మెల్లగా దిగుతుంది. అయితే ఎంత బరువు వెనక్కు పోవాలో నిర్ణయించేది షాకబ్జరు కాదు. కారు బరువు ఎంత ఎత్తున వుంది, ముందు వెనక చక్రాల మధ్య దూరమెంత, ఎంత జోరుగా కదిలింది అనేవే. షాకబ్జరు చేతిలో వున్నది ఆ బరువు ఎంత త్వరగా జరగాలన్నదొక్కటే.

మన కుర్రవాడి కారుకు ఇక్కడే వచ్చింది చిక్కు. 1983లో మారుతీ 800 వచ్చినప్పటి నుంచీ మన చిన్న కార్లలో ఎక్కువభాగం ముందు చక్రాలు లాగేవే. వాడిదీ అటువంటిదే. దాని ముక్కు పైకి లేపితే ఏమవుతుంది? లాగవలసిన చక్రాల మీద బరువు తగ్గి, అవి నిలుచున్నచోటనే గిర్రున తిరుగుతాయి. ఇంజన్ అరుస్తుంది, కారు కదలదు.

వాడికి ఈ సంగతి ఎద్దుల బండి లెక్కన చెప్పాను. వేరుసెనగ మూటలన్నీ బండికి వెనకవైపే వేస్తే ఏమవుతుంది? కాడి ఎద్దుల మెడ మీదినుంచి పైకి లేస్తుంది. కాడి లేచాక ఎంత మంచి జత అయితేనేం, ఏం లాగుతాయి? రైతుబిడ్డ కనుక మరి చెప్పవలసిన పని లేకపోయింది. అటువంటి కారును పందానికి పంపాలన్నా ముందు షాకబ్జర్లు సాగేటప్పుడు బిగువుగానే వుండాలి. వాడు కొనబోయినవి సరిగ్గా దానికి తిరకాసు.

పోనీ, వెనక చక్రాలు తోసే కారే అనుకోండి. పందెపు షాకబ్జర్లతో రోడ్డు మీదికి రావచ్చునా? పందెపు దారి అద్దంలా వుంటుంది. మన ఊళ్లో అడుగడుక్కీ స్పీడు బ్రేకరు, ఆపైన గుంట. చక్రం నేలను అంటిపెట్టుకుని వున్నంతసేపే బ్రేకుకు గాని, స్టీరింగుకు గాని విలువ. ముక్కు తేలిపోతూ, చక్రం గెంతుతూ వుంటే అడ్డం వచ్చిన మేకల మందను చూసి బ్రేకు తొక్కి మాత్రం ఏం లాభం? మరీ బిగువుగా పెట్టినా చక్రం రాయి మీదినుంచి ఎగిరిపోతుంది. పెనుకొండ దగ్గర ఎర్రమంచి ఫ్యాక్టరీ నుంచి 2019 ఆగస్టు 8న మొదటి సెల్టోస్ బయటికి వచ్చింది. అంత పెద్ద ఫ్యాక్టరీ కారుకైనా ఈ రాజీ తప్పదు.

కాబట్టి కొనే ముందు వున్నవాటిని చూడండి. గొట్టం మీద నూనె కారిన జిడ్డు వున్నా, టైరు అక్కడక్కడా గుంటలు పడి అరిగినా, బ్రేకు తొక్కగానే ముక్కు నేలకు వంగినా, అవి అలసిపోయాయన్నమాట. మార్చేటప్పుడు జతగా మార్చాలి. ఒక పక్క కొత్తది, ఒక పక్క పాతది పనికిరాదు. మన చిన్న కార్లకు ముందువైపు షాకబ్జరు చక్రాన్ని నిలబెట్టే స్తంభం కూడాను. దాన్ని మార్చాక వీల్ అలైన్‌మెంటు చూపించుకోవాలి. గ్యాసు నింపినవి గతుకుల్లో నూనె నురగ కట్టకుండా కాపాడతాయి. షోకుకు స్ప్రింగు కోయించి కారును కిందికి దింపితే షాకబ్జరుకు కదిలే చోటే వుండదు. బిగువు మార్చుకునే మర వున్నవి కొంటే రెండువైపులా సమంగా, ఒక్కొక్క మెట్టే తిప్పి చూసుకోవాలి.

రాత్రిపూట బైపాసు మీద పందాలంటారా, 1988 నాటి మోటారు వాహనాల చట్టం 189వ సెక్షను అందుకు జైలు కూడా చూపిస్తుంది. వెనకటి తరంవారు షోళవరంలో యుద్ధకాలపు పాత విమానాల దారి మీద పందాలు నడుపుకున్నారు. ఇప్పుడు చెన్నై దగ్గర ఇరుంగాట్టుకోట్టైలో ప్రత్యేకంగా ట్రాకే వుంది. వేగానికి వేరే చోటున్నప్పుడు వీధి ఎందుకు?

రైతుకు నేను చెప్పిన మాట ఒకటే: "కంపెనీ కొలతకు సరిపోయే మంచి జత ముందుకు వేయించండి. మిగతా ముచ్చట్లు తరవాత." కుర్రవాడు వారం రోజులు నాతో ముభావంగా వున్నాడు. తరవాత తనే షెడ్డుకు వెళ్లి, దగ్గరుండి బిగింపించుకున్నాడు.

ఆ నెల బెంగుళూరు వెళ్లివచ్చిన వాళ్లమ్మ, "ఈ తూరి డాక్టరు రాసిన మాత్రలు బాగా పనిచేసినట్టుండాయి, నడుం అంతగా నొప్పి లేదు," అన్నదట. కుర్రవాడు ఆమెకు ఏమీ చెప్పలేదట.